లోపలివారి వాటాల కొనుగోలు

దాళ్వా రోజులు సమీపించినప్పుడు మన డెల్టాలో ప్రతి రచ్చబండ మీదను ఒకటే ప్రశ్న: ఈ యేడు మన కాలువకు నీరు ఇచ్చెదరా, లేదా? గోదావరిలో నీరు చాలని సంవత్సరములలో ఆయకట్టు అంతటికిని దాళ్వా నీరు అందదు. నిర్ణయము ముందుగా తెలిసిన ఉద్యోగి యొకడు, ప్రకటనకు రెండు దినముల ముందు, బావమరిది పేరున పొరుగువారి చేలను చౌకగా కౌలుకు తీసికొన్నాడనుకొందము. పొరుగువారు దానిని బేరమందురా, మోసమందురా?

మన పల్లెలలో వరి మీదను, చేపల చెరువుల మీదను మిగిలిన సొమ్ము నేడు కొంత షేర్లలోనికి పోవుచున్నది. "ఫలానా మందుల కంపెనీలో యజమానులే వాటాలు కొనుచున్నారట" అన్న మాట చెవిని పడగానే పలువురు ఆలోచింపక కొనుచున్నారు. యజమాని తన కంపెనీ వాటాలు కొనుట నేరము కాదు. తన సేద్యము మీద నమ్మకముతో మరి రెండెకరములు కౌలుకు పట్టిన రైతు తప్పు చేయలేదు గదా! నేరమెల్లను, లోకమునకు తెలియని సంగతిని ఆధారము చేసికొని కొనుటలో ఉన్నది.

మందుల వ్యాపారములో అట్టి సంగతులు మెండు. అమెరికా ఔషధ శాఖ తనిఖీదారులు కర్మాగారమును చూచి వ్రాసిన ఒక్క ఉత్తరముతో వాటా ధర తలక్రిందులు కావచ్చును. ఆ ఉత్తరమును ముందుగా చదువువారు నలుగురైదుగురే. చిన్న కంపెనీలలో దినమునకు చేతులు మారు వాటాలు స్వల్పము. కొద్దిపాటి కొనుగోలుకే ధర పైకి లేచును.

ఈ చిక్కు పెద్ద కంపెనీలను సైతము విడువలేదు. హైదరాబాదు కేంద్రముగా గల అరబిందో ఫార్మా, ఫైజరు కంపెనీతో చేసికొన్న ఒప్పందముల సంగతి వెల్లడి కాకపూర్వము, 2008-09లో, ఆ వాటాలలో వ్యాపారము చేసిరని సంస్థాపకులలో ఒకరిపైనను, మరికొందరిపైనను సెబీ 2019లో 22 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. పదేండ్లు పట్టినది! పైగా ఇట్టి జరిమానా చేరునది భారత ప్రభుత్వ సంచిత నిధికి. తెలియక వాటాలమ్ముకొన్న మదుపుదారునకు గాదు. ఇది మాకు ఎన్నడును సమంజసముగా తోచలేదు.

2015 నాటి సెబీ నిబంధనల ప్రకారము త్రైమాసికము ముగిసినది మొదలు ఫలితములు ప్రకటించిన 48 గంటల వరకు లోపలివారు తమ వాటాల జోలికి పోరాదు. కొన్నవారు ఆరు నెలలలోపల అమ్మరాదు. త్రైమాసికములో 10 లక్షల రూపాయలు మించిన కొనుగోలును రెండు వ్యాపార దినములలో తెలుపవలెను. ఆ వివరములు స్టాకు ఎక్స్చేంజి పట్టికలో ఎవరైనను చూడవచ్చును.

చూచునపుడు ఒక భేదము గమనింపవలెను. బజారులో పూర్తి ధర చెల్లించి కొనుట వేరు. వారంట్లు తీసికొనుట వేరు. వారంటుకు మొదట నాల్గవవంతు కట్టిన చాలును, తక్కినది 18 నెలలలో కట్టవచ్చును. ధర పడిపోయినచో ఆ నాల్గవవంతు వదలుకొని తప్పుకొనవచ్చును. "యజమానులు కొన్నారు" అను వార్తలో ఈ రెండును ఒకే తీరుగ వినబడును. అదే పట్టికలలో యజమానులు తాకట్టు పెట్టిన వాటాల లెక్కయు దొరకును. ఒక చేత కొనుచు, మరొక చేత తాకట్టు పెట్టు వారును కలరు.