పాత పడవలో వేడి గేజి: ముల్లు మాట ఎంతవరకు నమ్మాలి?

ఈ పూట నేను మాట్లాడబోయేది పాత మోటారు పడవల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, స్టీరింగు పక్కన ఉండే ఒక చిన్న గుండ్రటి గేజి గురించి. ఇంజను ఎంత వేడెక్కిందో చెప్పే గేజి అది. మేం నలుగురు స్నేహితులం కలిసి ఓ పాత ఫైబర్ గ్లాసు పడవ కొనుక్కుని, సెలవు రోజుల్లో గ్రాండ్ యూనియన్ కాలవలో తిప్పుతున్నాం. పాత పడవ ఉన్నవాళ్ళు ఇద్దరు కలిస్తే వాన సంగతి అయిపోగానే వచ్చే మాట ఇదే: "మా గేజి ఎక్కువ చూపిస్తోందండీ. నిజంగా వేడెక్కిందా, గేజి పాడయిందా?"

ముందు ఇంజనుని పరిచయం చేస్తాను. మీలో చాలామందికి ఇది పాత చుట్టమే. బ్రిటన్ కాలవల్లో ఇప్పటికీ ఎన్నో పాత పడవల్ని లాగుతున్నది బి.ఎమ్.సి. వారి 1.5 లీటర్ల డీజిల్ ఇంజను, 1,489 సి.సి.ది. 1980లలో మన ఊళ్ళ రోడ్లమీద దడదడలాడుతూ తిరిగిన డీజిల్ అంబాసిడర్లో ఉన్నదీ ఇదే. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇంజను మాత్రం ఇక్కడి నీళ్ళమీద ఇంకా బతికే ఉంది.

అయితే అంబాసిడర్‌కి రేడియేటరు ఉంది, ఫాను ఉంది, ఎదురుగాలి ఉంది. పడవలో ఇంజను ఒక పెట్టెలో మూసుకుని కూర్చుంటుంది. దానికి బయటి నీళ్ళే దిక్కు. మా పడవలాంటి వాటిలో ఒక పంపు కాలవ నీటిని లోపలికి లాగుతుంది. ఆ నీరు సన్నటి గొట్టాల గుండా పోతూ, ఇంజనులో తిరిగే కూలెంటు వేడిని తీసుకుని, పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. ఉక్కుతో చేసిన నేరోబోట్లలో చాలావాటికి కాలవ నీరు లోపలికి రానే రాదు. కూలెంటే పడవ పక్కగోడకి లోపలివైపు అతికిన పల్చటి తొట్టిలోకి వెళ్ళి, ఆ ఉక్కు రేకు ద్వారా చల్లబడుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. కాలవలో గంటకి 4 మైళ్ళు మించి పోకూడదు. ఇంజనుకి పెద్ద పనేమీ ఉండదు. అందుకని నీటి దారి సగం పూడుకుపోయినా ఏళ్ళ తరబడి ఆ సంగతి బయటపడదు. అదే పడవని బ్రెంట్‌ఫర్డ్ దగ్గర కాలవ దాటించి థేమ్స్‌లోకి దించారనుకోండి. అక్కణ్ణించి టెడింగ్టన్ లాకు దాకా నదికి ఆటుపోట్లు ఉంటాయి. ఇంజనుని గట్టిగా నడపాలి. అప్పుడు ముల్లు పైకి లేవటం మొదలుపెడుతుంది. కాలవలో అయితే ఇంజను ఆపి, తాడు పట్టుకుని గట్టుమీదకి దిగొచ్చు. నదిలో ఆపితే పడవ నీటి వశం, ఆపకపోతే ఇంజను మాడిపోవచ్చు. గేజి నిజం చెబుతోందా లేదా అన్నది నదిలోకి దిగకముందే తేల్చుకోవాలి.

నా ఉద్యోగం కంప్యూటర్లతో. నేను మెకానిక్కుని కాను. కానీ మా వృత్తిలో ఒక అలవాటుంది: ఒకే సాక్షి మాట విని తీర్పు చెప్పం. ముల్లు ఒక సాక్షి మాత్రమే. ఇంజనులో ఒక చిన్న సెండర్ ఉంటుంది, అక్కణ్ణించి స్టీరింగు దాకా పొడుగాటి వైరు, చివర గేజి. ఈ మూడింట్లో ఏది చెడినా సాక్ష్యం చెడుతుంది.

మొదట ముల్లు నడక చూడండి. ఇంజనులో ఉన్న అంత ఇనుము, అన్ని నీళ్ళు ఒక్క సెకనులో వేడెక్కవు. ముల్లు ఉన్నట్టుండి ఎగిరి చివరికి కొట్టుకుందంటే, అది చాలావరకు కరెంటు తగాదా: సెండర్ వైరు ఎక్కడో ఒరుసుకుని ఇంజనుకి తగులుతోంది. లైట్లు వెయ్యగానే ముల్లు కదిలిందంటే పానెల్ ఎర్త్ బాగాలేదు. కొన్ని పాత స్మిత్స్ గేజిలకి వెనక 10 వోల్టుల స్టెబిలైజర్ ఉంటుంది. వేడి గేజీ, డీజిల్ గేజీ రెండూ కలిసి ఎక్కువ చూపిస్తే ముందు దాన్ని అనుమానించండి. అలా కాకుండా, థ్రాటిల్ పెంచిన కొద్దీ ముల్లు నెమ్మదిగా పైకెక్కి, తగ్గిస్తే నెమ్మదిగా దిగుతోందంటే, అది నిజమే చెబుతోందని అనుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఎక్కువ చూపించే గేజికి అందరూ భయపడతారు. తక్కువ చూపించే గేజిని ఎవరూ పట్టించుకోరు. ప్రమాదం అందులోనే ఉంది. ఈ సెండర్ వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్సు తగ్గుతుంది. వి.డి.ఓ. వారి మామూలు సెండర్ తీసుకుంటే, 80 డిగ్రీల దగ్గర సుమారు 69 ఓములు, 90 దగ్గర 51, 100 దగ్గర 38. ఇప్పుడు వైరు దారిలో ఒక ప్లగ్గు తుప్పుపట్టి 18 ఓములు అదనంగా చేర్చిందనుకోండి. 51కి 18 కలిపితే 69. అంటే ఇంజను 90లో ఉంటే గేజి 80 అంటుంది. ఇంజను 100కి చేరినా గేజి 87 దగ్గరే నిలబడుతుంది. వైరు పూర్తిగా తెగితే ముల్లు చల్లగా కింద పడుకుంటుంది. కూలెంటు కారిపోయి సెండర్ ఖాళీలో మిగిలినా అంతే, ఇంజను మాడుతుంటే ముల్లు కిందికి దిగొచ్చు. తుప్పు, వదులు, తెగటం, ఇవన్నీ ముల్లుని చల్లటి వైపుకే లాగుతాయి.

"ఇంజను టక్కున స్టార్టవుతోంది, ఎర్త్ బాగున్నట్టేగా" అని కొందరంటారు. స్టార్టరు కరెంటు పోయే దారి వేరు. సెండర్ తన మరల ద్వారానే ఇంజనుకి ఎర్త్ అవుతుంది. ఆ మరలకి మందంగా ప్లంబర్ల తెల్లటేపు చుట్టి బిగించినా ఎర్త్ చెడిపోవచ్చు.

పరీక్ష చెయ్యటానికి ఒక మల్టీమీటర్ చాలు. ఇగ్నిషన్ ఆపి, సెండర్ మీద వైరు తీసి, సెండర్‌కీ ఇంజనుకీ మధ్య ఓములు కొలవండి. వైరు మళ్ళీ పెట్టి, ఈసారి పానెల్ వెనక, గేజి నుంచి ఊడదీసిన కొసకీ ఇంజనుకీ మధ్య కొలవండి. ఈ రెండు అంకెలూ దాదాపు ఒకటే కావాలి. తేడా ఎంతుంటే దారిలో తుప్పు అంత. సెండర్ మీదే అనుమానముంటే, చల్లారిన ఇంజను నుంచి దాన్ని విప్పి, మరల దాకా మరిగే నీళ్ళలో ముంచి కొలవండి. అది 100 డిగ్రీల సాక్షి. కొత్త సెండర్ కొనేటప్పుడు గేజికి జత అయినదే కొనాలి. అమెరికా గేజిల లెక్క వేరు. రెండు స్టీరింగులున్న పడవల సెండర్ కూడా వేరు. గేజి వెనక వైరుకి బదులు సన్నటి రాగి గొట్టం ఉంటే ఈ కొలతలు పనికిరావు, ఆ గొట్టాన్ని వంచి నలపకండి.

రెండో సాక్షిగా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడొచ్చు. కానీ మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ మూతమీద మెరుపులేని నల్లరంగు చుక్క ఒకటి వేసి అక్కడే కొలవండి.

మా పడవలో జరిగింది చెబుతాను. ముల్లు ఎప్పుడూ ఉండే చోటికన్నా కాస్త పైన నిలబడుతోంది. రేవులో ఒకాయన "పాత గేజి కదా, మామూలే" అన్నారు. మేం కొలిచాం. గేజి ఎక్కువ చూపించటం కాదు, నిజానికి దాదాపు 10 డిగ్రీలు తక్కువ చూపిస్తోంది! ఇంజను పక్కనున్న వైర్ల ప్లగ్గులో పిన్నులు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వేడికి కారణం వేరే: కాలవ నీరు పోయే సన్నగొట్టాల్లో బురద, పాచి. పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు రెండు విరిగిపోయి, ఆ ముక్కలు కూడా అక్కడే ఇరుక్కున్నాయి. ఇంపెల్లర్ మారిస్తే చాలదు, విరిగిన ముక్కలన్నీ దొరికేదాకా వెతకాలి.

కాబట్టి వేడి నిజమని తేలితే, ముందు పొగగొట్టంలోంచి నీళ్ళు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడండి. తరవాత స్ట్రెయినర్‌లో నాచు, ఇంపెల్లర్, ఫాన్ బెల్టు, థర్మోస్టాట్, ఈ వరసలో వెళ్ళండి. నేరోబోటు అయితే పక్కతొట్టిలో గాలి చిక్కుకుందేమో, పైనున్న మర వదులుచేసి గాలి వదలండి. ఏం చేసినా ఇంజను చల్లారాకే. వేడిమీద కూలెంటు మూత తియ్యకండి, మరిగే నీళ్ళు మొహాన కొడతాయి.

ఈ వేసవిలో పడవ బయటికి తీసేముందు ఒక అరగంట కేటాయించి, ఆ రెండు అంకెలూ కొలిచి లాగ్ పుస్తకంలో రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది పోల్చుకోవటానికి పనికొస్తాయి.