సర్వరు హెచ్చరికలు – కారణాన్వేషణము

నెల్లూరు తీర గ్రామములవారికి బకింగ్‌హాం కాలువ సుపరిచితము. దానిపై పడవలు సాగిన దినములలో కావలివాడు పడవల సంఖ్యను మాత్రమే లెక్కించి ఊరకుండిన ప్రయోజనము లేదు. ఏ పడవ, ఎచ్చటినుండి, ఎచ్చటికి, ఏ సరకుతో, ఏ వేళ పోవుచున్నదో ఎరుగవలెను. సర్వరునకు వచ్చిపోవు సమాచారమును పరీక్షించువారికిని ఈ ప్రశ్నలే ఆధారము.

ఇందుకూరుపేట, కోట ప్రాంతములలో రొయ్యల చెరువులు విస్తారముగా కలవు. అట్టి చెరువులు గల ఒక సంస్థ తన లెక్కలను, ఏరేటర్ల నియంత్రణమును ఒక్క సర్వరుపైననే ఉంచుకొన్నదని భావింతము. ఒకనాడు "అసాధారణమైన రాకపోకలు" అను హెచ్చరిక వచ్చినది. తొందరపడి తీగ లాగివేసినచో ఏరేటర్లు ఆగవచ్చును. తెల్లవారుజామున చెరువునీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గియుండును గనుక పంట అంతయు నశింపవచ్చును. ఉపేక్షించినచో, దొంగ లోపలనే యుండవచ్చును.

మొదట చూడవలసినది గడియారము. పెక్కు సర్వర్లు అంతర్జాతీయ కాలమానమున నమోదు చేయును. మన కాలము దానికి 5 గంటల 30 నిమిషములు ముందు. 20:30 అని నమోదైన హెచ్చరిక మనకు రాత్రి 2 గంటలది. ఆ వేళకు లెక్కల నకలును వేరొకచోటికి పంపు ఏర్పాటు ఉన్నదేమో విచారింపవలెను. ఉన్నచో, పరిమాణమును గమ్యమును సరిపోల్చి నిశ్చింతగా నుండవచ్చును.

పిదప దిక్కు. 22వ పోర్టును (ఇది కృష్ణపట్నము పోర్టు వంటిది కాదు, ఒక్కొక్క పనికి ఏర్పరచిన ద్వార సంఖ్య మాత్రమే) ఎక్కడెక్కడి యంత్రములో రేయింబవళ్లు తట్టుచునే యుండును. తలుపు తెరచుకొనలేదని నమోదులు చెప్పినచో అంత భయము లేదు. లోపలినుండి వెలుపలికి పోవునదే నిజముగా పరీక్షింపదగినది. అందును పెద్ద మూటకంటె చిన్న మూటను నేను అధికముగా శంకింతును. నిమిషమున కొకసారి, ఒకే అపరిచిత చిరునామాకు, ఒకే పరిమాణమున పోవు సమాచారము మనుష్యుని చేతిపని కాదు. లోపల దాగిన ప్రోగ్రాము తన యజమానిని ఆజ్ఞ అడుగుచుండవచ్చును. కాలము సరిచూచుకొనుట వంటి న్యాయమైన పనులును ఇట్లే నడచును గనుక, ఆ మూటలను పంపుచున్న ప్రోగ్రాము ఏదియో సర్వరుపైననే కనుగొనవలెను.

2019 సెప్టెంబరు 4వ తేదీన సెర్ట్-ఇన్ అను కేంద్రప్రభుత్వ సంస్థ ఇట్టి చొరబాటును గుర్తించి అణువిద్యుత్ సంస్థకు తెలియజేసినది. కూడంకుళము కేంద్రమును గూర్చి పుట్టిన కలవరమునకు అదియే మూలము. హానికర ప్రోగ్రాము పరిపాలన పనులకు వాడు నెట్‌వర్కులోని ఒక కంప్యూటరున ఉన్నదనియు, కీలకమైన అంతర్గత నెట్‌వర్కు దానినుండి వేరుగా నున్నదనియు ఆ సంస్థ అక్టోబరు 30న ప్రకటించెను. రొయ్యల చెరువులవారును లెక్కలను, ఏరేటర్లను వేర్వేరు నెట్‌వర్కులపై ఉంచినచో, హెచ్చరిక వచ్చిన రాత్రి పంటకు భయపడక తీగ తీయగలరు.

అట్టి ఏర్పాటు లేనిచో, ముందుగా చెరువుకట్టలపై మనుష్యులను నిలిపి ఏరేటర్లను చేతితో నడపించి, పిదప నెట్‌వర్కు తీగ తీయవలెను. సర్వరుకు విద్యుత్తు మాత్రము ఆపరాదు. ఆపినచో మెమరీలోని సాక్ష్యము తుడిచిపెట్టుకొనిపోవును. 2022 ఏప్రిల్ 28 నాటి ఉత్తర్వుల ననుసరించి చొరబాటును గుర్తించిన 6 గంటలలో సెర్ట్-ఇన్‌కు తెలుపవలెను. నమోదులను 180 దినములు భద్రపరుపవలెను.