ఇంజనులో నీరు: విప్పుటకు ముందు విచారణ

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున గావించిన ప్రసంగము)



వార్షికోత్సవ సభలలో ఉపన్యసించువారు సాధారణముగా విద్యను గూర్చియో, సాహిత్యమును గూర్చియో మాటలాడుదురు. కార్యదర్శిగారు నన్ను ఆహ్వానించునపుడు "మీకు బాగుగా తెలిసిన విషయమునే చెప్పుడు" అని సెలవిచ్చిరి. నాకు బాగుగా తెలిసినది లారీ ఇంజను. ఈ హోసూరు ప్రాంతమున మన పిల్లల తండ్రులలో లారీ యజమానులు కలరు, డ్రైవర్లు కలరు, వర్కుషాపులలో పనిచేయువారు కలరు. ఒక బండి నిలిచిపోయినచో ఎన్ని కుటుంబములలో పొయ్యి మందగించునో మీకు నేను చెప్పనక్కరలేదు. కావున ఈ విషయమునే ఎంచుకొంటిని.

ఇంజనులో ఏదో మార్పు చేయించిన పిదప, రేడియేటరులోని నీరు బయట ఎక్కడను కారకయే దినదినము తగ్గిపోవుచుండును. అది లోపలికే పోవుచున్నది. ఏ త్రోవను పోవుచున్నదో కనుగొనుట ఎట్లు? ఇదియే నేటి ప్రశ్న. నీరు అన్నప్పుడెల్ల కూలెంటు కలిసిన నీరని గ్రహింపవలెను. నేను చెప్పబోవుదాని సారము ఒక్క మాటలో చెప్పవచ్చును: ఇంజనును విప్పుటకు ముందు విచారింపవలెను.

మొదట నీటి త్రోవను తెలిసికొందము. డీజిలు మండగా పుట్టిన వేడిలో సగము కంటె తక్కువ భాగమే బండిని లాగు శక్తిగా మారును. మిగిలినదానిలో చాల భాగము పొగగొట్టము గుండ పోవును. ఇంకొక పెద్ద భాగమును నీరు మోసికొని పోవలెను. పంపు త్రోయగా నీరు లైనర్ల చుట్టును తిరిగి, హెడ్డులోనికి ఎక్కి, అచ్చటినుండి రేడియేటరునకు వచ్చి చల్లారి, మరల పంపును చేరును. ఈ ప్రయాణములో నీటికి ఒక ప్రక్క నిప్పు, ఇంకొక ప్రక్క నూనె. నడుమ గోడలున్నవి. ఆ గోడలలో చెడుటకు వీలైన చోట్లు ముఖ్యముగా ఆరు.

మొదటిది హెడ్డు గాస్కెట్టు. రెండవది హెడ్డులోనే వాల్వుల నడుమ పడు బీట. మూడవది లైనరు. వెలుపలి వైపున నీరు నేరుగా తగులునట్టి లైనర్లలో, క్రింది భాగమున నీటిని ఆపు రబ్బరు రింగులుండును. అవి చెడినచో నీరు సంపులోనికి దిగును. లైనరు వెలుపలి గోడకు సూదిమొన గుంటలు పడి, తుదకు రంధ్రములగుటయు కలదు. నాలుగవది నూనెను చల్లార్చు ఆయిలు కూలరు. ఐదవది బ్రేకులకు గాలినిచ్చు కంప్రెసరు. చాల లారీలలో దాని హెడ్డును చల్లబరచునది ఇంజను నీరే. ఆరవది ఈ కాలపు బండ్లు పెక్కింటిలో నున్న ఇ.జి.ఆర్. కూలరు, అది పొగలో కొంత భాగమును చల్లార్చి మరల ఇంజనులోనికి పంపును.

ఇక మార్పు సంగతి. ఎక్కువ బరువు లాగవలెనని కొందరు పంపులో డీజిలు పెంచుదురు. కొందరు టర్బో లేని పాత ఇంజనుకు టర్బో తగిలింతురు. టర్బో గొప్ప సాధనమే. స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే దానికి పేటెంటు పొందెను. పొగతో పాటు వ్యర్థముగా పోవు శక్తిచే ఒక చక్రమును త్రిప్పి, ఇంజనులోనికి అధికముగా గాలిని నింపుట దాని పని. అయితే గాలియు డీజిలును పెరిగినచో సిలిండరులో పీడనము పెరుగును. హెడ్డును బిగించి యుంచు బోల్టులు పాత పీడనమునకు తగినట్లు చేసినవి. సమతలమున అంతయు బాగుగనే తోచును. సేలమునుండి ధర్మపురికి వచ్చుచు నిండు బరువుతో తొప్పూరు కనుమ ఎక్కునపుడు హెడ్డు వెండ్రుకవాసి లేచును. మండిన వాయువు నీటిలోనికి దూరి, నీటిని రేడియేటరు మూతనుండి వెడలగొట్టును. కనుమ దిగిన తరువాత మరల ఏమియు ఎరుగనట్లుండును.

మార్పు చేయునపుడు జరుగు చిన్న లోపములును పెద్ద చేటు తెచ్చును. లైనరు పై అంచు బ్లాకు కంటె రవ్వంత ఎత్తుగా నిలువవలెను; ఆ ఎత్తు మిల్లీమీటరులో నూరవ వంతుల లెక్క. ఒక లైనరు ఎక్కువగను, ఇంకొకటి తక్కువగను నిలిచినచో ఎంత మంచి గాస్కెట్టు వేసినను నిలువదు. కొన్ని ఇంజనుల హెడ్డు బోల్టులు ఒకసారి బిగింపగా సాగునట్లు చేసినవి. వాటిని రెండవసారి వాడరాదు.

ఇంతవరకు విన్నవారు, "అయితే మార్పు తరువాత నీరు పోయినచో హెడ్డునే విప్పవలెను గదా" అనవచ్చును. ఇక్కడనే జాగ్రత్త కావలెను. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినంత మాత్రమున కాకియే పండును పడద్రోసినదనరాదు. మార్పు మొదటి అనుమానితుడు. విచారణ ముగియక మునుపే నేరస్థుడు కాదు.

ఒక బండి సంగతి చెప్పెదను. అది ఏ కంపెనీదో, ఎవరు బాగుచేసిరో చెప్పుట అనవసరము. యజమానియే డ్రైవరు. బ్యాంకు వాయిదాలు కట్టుచు నడుపుకొనుచున్న ఒక్కటే లారీ. ఇంజనును పూర్తిగా విప్పించి, కొత్త లైనర్లు వేయించి, టర్బో తగిలించెను. మూడవ వారమునుండి ప్రతి ఉదయము రేడియేటరు నీరు అడుగసాగెను. సంపులోని నూనె పాలు కలిసిన కాఫీ వలె అయ్యెను. ఒక వర్కుషాపులో రెండు మారులు హెడ్డు విప్పిరి. రెండు మారులు గీయించిరి. రెండు గాస్కెట్లు మార్చిరి. నీరు పోవుట మానలేదు. బండి నలువది దినములు నిలిచెను. వాయిదాలు మాత్రము నిలువలేదు.

ఆ బండి మా యొద్దకు వచ్చినపుడు మొదట పానా పట్టలేదు. డ్రైవరును అడిగితిమి: "నీరు తగ్గునది నడుచునపుడా, నిలిచినపుడా?" అతడు ఇట్లు చెప్పెను: "పగలు దారిలో తగ్గదు. రాత్రి నిలిపి ఉదయము చూచినచో తగ్గియుండును. రేడియేటరులో నూనె తెట్టు కూడ తేలుచున్నది." ఈ రెండు మాటలలో సగము విచారణ ముగిసినది. ఇంజను నడుచునపుడు నూనె పీడనము నీటి పీడనము కంటె అధికము. గోడ చెడిన చోట నూనెయే నీటిలోనికి పోవును. ఇంజను ఆగగానే నూనె పీడనము శూన్యమగును, కాని వేడి నీటి పీడనము కొంతసేపు నిలిచియుండును. అప్పుడు నీరు నూనెలోనికి పోవును. రెండు వైపుల ఈ రాకపోకలు ముఖ్యముగా ఆయిలు కూలరు లక్షణము. అయినను ఒక్క లక్షణమును నమ్మి విప్పలేదు. పరీక్షలన్నియు వరుసగా చేసితిమి. ఆ వరుసను మీకును చెప్పెదను.

మొదటి పరీక్ష కన్నులతో. రబ్బరు గొట్టములు, పంపు క్రింది చిన్న రంధ్రము, రేడియేటరు మూత, ఇవన్నియు చూడవలెను. వేడి ఇంజను మూతను ఎన్నడును తెరువరాదు. పీడనములో నున్న నీరు నూరు డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత తీయగనే ఒక్కసారి ఆవిరియై ముఖమును కాల్చును.

రెండవది నూనె. డిప్‌స్టిక్కుపై నూనె మట్టము తగ్గవలసినది పోయి పెరుగుచున్నచో అనుమానింపవలెను. రాత్రియంతయు నిలిపి, ఉదయము సంపు అడుగు బోల్టును కొంచెము వదులు చేసినచో, నూనెలో ఇంకను కలియని నీరు అడుగున చేరియుండుటచే ముందుగా వచ్చును. వేడి రేకుపై ఒక చుక్క నూనె వేసినచో, నీరున్న నూనె చిటపటలాడును. నూనె పోయు మూతకు మాత్రమే పసుపురంగు జిగురు అంటియుండుట చలిదినములలో చెమ్మవలనను కలుగును; అది చాలిన సాక్ష్యము కాదు.

మూడవది పొగ. ఉదయమున కొద్దిసేపు తెల్లని ఆవిరి వచ్చుట సహజము. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లపొగ మానక, తీపి వాసన వేయుచున్నచో నీరు నిప్పులోనికి పోవుచున్నది.

నాలుగవది బుడగలు. చల్లని ఇంజనులో నీరు అంచువరకు నింపి, మూత తీసియుంచి నడపవలెను. బుడగలు ఎడతెగక వచ్చుచు, ఇంజను వేగముతో పెరుగుచున్నచో మండిన వాయువు నీటిలో కలియుచున్నదని అర్థము. దీనిని నిర్ధారించుటకు నీలిరంగు ద్రవము దొరకును. రేడియేటరు పైనున్న గాలిని దాని గుండ పీల్చినచో, బొగ్గుపులుసు వాయువు ఉన్నప్పుడు రంగు మారును.

ఐదవది పీడన పరీక్ష. చల్లని ఇంజనులో చేతిపంపుతో, రేడియేటరు మూతపై వ్రాసియున్న పీడనము వరకే, అంతకు మించక, ఒత్తిడి పెట్టి, సంపు విప్పి, క్రింద శుభ్రమైన కాగితములు పరచి రాత్రియంతయు ఉంచవలెను. ఉదయమున చుక్కలు పడిన చోటే సాక్ష్యము చెప్పును: లైనరు క్రిందనా, కూలరు వైపునా, కంప్రెసరు వైపునా? బ్రేకు గాలి ట్యాంకులను ఖాళీ చేసినపుడు చెమ్మనీరు వచ్చుట సహజము. కూలెంటు రంగు నీరు వచ్చినచో దోషము కంప్రెసరుది.

ఆరవది, ఇంజెక్టర్లు తీసి ఇంజనును మెల్లగా త్రిప్పి ఏ రంధ్రమునుండి నీరు చిమ్మునో చూచుట. ముఖము దూరముగా నుంచవలెను. సిలిండరులో నీరు నిండినదను అనుమానమున్నపుడు ఇంజెక్టర్లు తీయక స్టార్టు చేయరాదు. గాలి అణగును, నీరు అణగదు. కనెక్టింగు రాడ్డు వంగిపోవును.

మనము చెప్పుకొనుచున్న బండిలో బుడగలు లేవు, తెల్లపొగ లేదు, లైనర్ల క్రింద చుక్క లేదు. కూలరు వైపున కాగితము తడిసెను. కూలరును విప్పి గాలి పట్టించి నీటి తొట్టిలో ముంచగా దాని గొట్టములు గట్టిగనే యున్నవి. చెడినవి రెండు రబ్బరు రింగులు. ఇంజను మార్పునాడు లోపలివన్నియు కొత్తవి వేసి, కూలరును మాత్రము కడిగి, పాత రింగులతోనే బిగించిరి. ఆ రింగుల వెల ఒక పూట భోజనపు వెలకు మించదు. కాని అప్పటికే నీరు కలిసిన నూనెతో తిరిగిన బేరింగులు గీసుకొనిపోయినవి. క్రాంకును గీయింపవలసి వచ్చినది. నిర్దోషియైన హెడ్డు రెండు మారులు పలుచనైనది. నలువది దినముల బాడుగ తిరిగి రాలేదు.

దారిలో రేడియేటరు చిన్న కారుడుకు పసుపు పోసి ఊరు చేరుదురు. ఊరు చేరుటకు అది ఉపాయము కావచ్చును, వైద్యము కాదు. ఇంజనులోపలి కారుడుకు పొడులు పోయుచు పోయినచో రేడియేటరు సన్నని గొట్టములే మూసికొనిపోవును. వట్టి బోరు నీరు పోయుటచే ఉప్పు పేరుకొనును. సరియైన కూలెంటు పేరుకొనుటను, లైనరుకు గుంటలు పడుటను రెండింటిని తగ్గించును. ఒక హెచ్చరిక: చాల కూలెంట్లలో నుండు ఎథిలీను గ్లైకాలు తియ్యగా నుండు విషము. దానిని పళ్ళెములో విడిచిపెట్టినచో కుక్కలు, పశువులు త్రాగును. పిల్లలకు అందని చోట, పేరు వ్రాసిన డబ్బాలోనే ఉంచుడు. త్రాగునీటి సీసాలో ఎన్నడును పోయకుడు.

మార్పు చేయింపదలచినవారు చట్టమును గూడ తెలిసికొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని తయారీ వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 నాటి సవరణ వలన, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, 6 నెలల వరకు కారాగారమో, రెండునో విధింపవచ్చును. 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో పొగను శుద్ధిచేయు సాధనములన్నియు ఒకదానితో ఒకటి ముడిపడియున్నవి. వాటిని కదల్చి శక్తి పెంచుకొందమనుట మరియు ప్రమాదకరము.

తుదకు తల్లిదండ్రులకు ఒక మనవి. నేను చెప్పిన పరీక్షలలో పాఠశాల పుస్తకమునకు కొత్తయైనది ఏదియు లేదు. పీడనము పెరిగినచో మరుగు ఉష్ణోగ్రత పెరుగుట, ద్రవము అణగకుండుట, నూనె కంటె నీరు బరువగుట, ఇవి మన పిల్లలు తరగతిలో నేర్చుకొనుచున్న పాఠములే. కావున ఇంటనే ఒక పని అప్పగింపుడు. ఒక నోటుపుస్తకములో నాలుగు గడులు గీసి, తేదీ, తిరిగిన కిలోమీటర్లు, పోసిన నీరు, నూనె మట్టము, ఈ నాలుగును బండి ఇంటనున్న ప్రతి ఉదయము మీ అబ్బాయిచేతనో, అమ్మాయిచేతనో వ్రాయింపుడు. బండి దూరప్రయాణములో నున్నపుడు తండ్రి ఫోనులో చెప్పగా బిడ్డ వ్రాయవచ్చును. మార్పు చేయించిన దినమును ఎర్రసిరాతో గుర్తింపుడు. నీరు తగ్గనారంభించిన దినము ఆ పుస్తకమే చెప్పును. మేస్త్రి అడుగు మొదటి ప్రశ్నకు సమాధానము సిద్ధముగా నుండును. ఆ పుస్తకము తెచ్చిన బండిని నేను విప్పుటకు ముందు దానినే చదువుదును.