పాలారు నేర్పు పాఠము

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



మన పిల్లలు పౌరశాస్త్రమున మూడు జాబితాలను వల్లెవేయుచుందురు. నీరు రాష్ట్రముల జాబితాలో 17వ అంశము. పలు రాష్ట్రములలో పారు నదుల క్రమబద్ధీకరణము కేంద్రపు జాబితాలో 56వ అంశము. ఈ పంపకము ఎట్లు నడచునో పాలారును చూచిన తెలియును.

పాలారు 348 కిలోమీటర్ల నది. అందు 93 కర్ణాటకమున, 33 ఆంధ్రప్రదేశమున, 222 తమిళనాట. కుప్పము చెంత ఆంధ్ర ప్రభుత్వము ఆనకట్ట కట్టదలపగా 2006లో తమిళనాడు సుప్రీంకోర్టున దావా వేసినది. ఎగువనున్నవారు మన భాషవారు, చుట్టములు. దిగువనున్నవారు మన యిరుగుపొరుగువారు. ఈ తగవున మనకు ఇరువురును కావలసినవారే.

నీటి కొరత ఇట్లుండగా, నీటి చెరుపు మరియొకటి. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటలలోని తోళ్ళ కర్మాగారముల మురుగు ఏటిలోను, పొలముల బావులలోను చేరినది. కొన్ని రాష్ట్రముల శాసనసభలు కోరగా పార్లమెంటు 1974లోనే జలకాలుష్య నివారణ చట్టము చేసి, అమలును రాష్ట్ర మండలులకు ఒప్పగించినది. అయినను మురుగు ఆగలేదు. 1991లో వేలూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీంకోర్టు నాశ్రయించినది. 1996 ఆగస్టు 28న వెలువడిన తీర్పు రెండు సూత్రములను దేశమంతటికిని చాటినది: హాని కలుగకమున్నే జాగ్రత్తపడవలెను, చెరచినవాడే ఖర్చు భరింపవలెను. మన జిల్లాల బావుల గోడు దేశమునకు న్యాయసూత్రమైనది. అయినను 2025 జనవరిలో న్యాయస్థానము మరల ఆదేశింపవలసివచ్చెను. చట్టము తనంతట నడవదు గదా!

రాష్ట్రములు తమంతట చేయగలిగిన పనులును కలవు. 2003లో తమిళనాడు ప్రతి కట్టడమునకును వాననీటి సేకరణను నిర్బంధము చేసినది. ఒక రాష్ట్రము చేసి చూచినది మరియొకదానికి పాఠమగును. సమాఖ్యవలని లాభమిదియే. 2019 జూలై 12న మన జోలార్పేటనుండి 50 వ్యాగనులలో 25 లక్షల లీటర్ల నీరు చెన్నైకి రైలుపై పోయినది. నీటి విలువ తెలియుటకు అంతకు మించిన సాక్ష్యమేల?

తోళ్ళ పని పెక్కు కుటుంబములకు కూడుపెట్టుచున్నది. ఆ పని నిలువవలెను, నీరును నిలువవలెను. కనుక తల్లిదండ్రులకు మా మనవి: మీ యింటి వాననీటి గుంటను ఏటేట బాగుచేయింపుడు. పిల్లలకు తెలుగును, తమిళమును రెండును చక్కగా రానిండు. ఇచ్చటి అధికారికి తమిళమున అర్జీ వ్రాసి, ఎగువ చుట్టమునకు తెలుగున నచ్చజెప్పగలవాడు రెండు రాష్ట్రములకును ఉపకారి. అట్టివారిని తయారుచేయుటయే మా బడి పని.