ఒంటి నడవ విమానము: ముందు వరుస, కడపటి వరుస

(మన సంఘం ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుకమీద వుండగానే విమానాలలోని కుర్చీలను గురించి ఉపన్యాసమేమిటని మీలో కొందరు అనుకొనవచ్చును. కారణమున్నది. మన పూర్వులు ఈ ముంబయి నగరానికి కట్టుబడి పనులకు కాలినడకను, బండ్లమీద వచ్చారు. కామాఠిపురమనే పేరు వారి జ్ఞాపకమే. తరువాతి తరంవారు రైలెక్కారు. ఈనాడు మన బిడ్డలు హైదరాబాదుకో, విజయవాడకో, విశాఖపట్టణానికో త్వరగా వెళ్ళవలసివస్తే ఎక్కేది చాలామట్టుకు ఒంటి నడవ విమానమే. అంటే మధ్య ఒకే దారి వుండి, దానికి ఇరుప్రక్కలా మూడేసి కుర్చీలుండే విమానము. దానిలో జరిగే మార్పులు మన యింటి సంగతులే అని మా అభిప్రాయము.

పూర్వరంగం కొంచెం మనవి చేస్తాము. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటాగారు కరాచీనుంచి అహమ్మదాబాదు మీదుగా మన జుహూ మైదానానికి పుస్ మాత్ అనే చిన్న విమానంలో టపా తెచ్చారు. అక్కడినుంచి నెవిల్ విన్సెంటుగారు దానిని బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చారు. బళ్ళారి అనగానే మనలో ఎందరికి బంధువులు గుర్తుకు వస్తారో చెప్పనక్కరలేదు. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. 1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ సంస్థకు 1970 ప్రాంతంలో బోయింగ్ 737లు, 1989లో ఎయిర్‌బస్ ఏ-320లు వచ్చాయి. 2007లో దానిని ఎయిర్ ఇండియాలో కలిపారు. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది.

అప్పటినుంచి ఆ సంస్థ రెండు పనులు తలపెట్టింది. మొదటిది, కొత్త విమానాలు కొనటం. 2023 ఫిబ్రవరిలో 470 విమానాల కొనుగోలు ప్రకటించారు. అందులో 210 ఎయిర్‌బస్‌లూ, 190 బోయింగ్‌లూ, వెరసి 400 ఒంటి నడవవే. రెండవది, ఉన్నవాటిని లోపల బాగుచేయటం. 2024 సెప్టెంబరులో 27 ఏ-320 నియో విమానాలను వంతులవారీగా పనిలో పెట్టసాగారు.

కొత్త విమానంవల్ల లాభమేమిటి? నియో అన్న మాటకు కొత్త ఇంజను గలదని భావము. వెనుకటి ఏ-320 కంటె దీనికి నూటికి పదిహేను పాళ్ళదాకా ఇంధనం తక్కువ చాలును. విమాన సంస్థకు ఇంధనం అతి పెద్ద ఖర్చుల పద్దు. కాబట్టి ఈ ఆదా ముందు కూర్చున్నవారికీ వెనుక కూర్చున్నవారికీ కూడా పనికివచ్చేది. టిక్కెట్టు ధరలో కనపడకపోయినా, లాభం రాదని మూసివేయవలసిన మార్గం నిలబడటానికైనా తోడ్పడుతుంది.

ఇక లోపలి మరమ్మతు సంగతి. ఇక్కడ లెక్క వేసి చూడవలసియున్నది. ఇదివరకటి అమరికలో బిజినెస్ తరగతికి 12 కుర్చీలు, సాధారణ తరగతికి 150, మొత్తం 162. కొత్త అమరికలో బిజినెస్‌కు 8, ప్రీమియం ఎకానమీ అనే నడిమి తరగతికి 24, సాధారణ తరగతికి 132, మొత్తం 164. బిజినెస్‌లో వరుసకు నలుగురు, తక్కినచోట ఆరుగురు గనుక, అప్పుడూ 28 వరుసలే, ఇప్పుడూ 28 వరుసలే. విమానం గొట్టం సాగేది కాదుగదా! ఒకరికి ఇచ్చిన అంగుళం ఇంకొకచోటునుంచి తీయవలసినదే. కుర్చీలను నేలలోని పట్టాలకు బిగిస్తారు. అందుచేత వరుసలను ముందుకూ వెనుకకూ జరపటం సాధ్యమైనది.

కుర్చీమీద ఒక చోటునుంచి వెనుక కుర్చీమీద అదే చోటుకు గల దూరాన్ని పిచ్ అంటారు. అది కొత్త అమరికలో బిజినెస్‌కు 40 అంగుళాలు, నడిమి తరగతికి 32, సాధారణ తరగతికి 28 లేక 29. ఈ దూరంలో ముందు కుర్చీ వీపు మందం కూడా చేరియున్నది గనుక మోకాళ్ళకు మిగిలేది అంతకంటె తక్కువే. కుర్చీ వీపును పలుచన చేసి ఆ లోటు కొంత పూడ్చుతారు. బిజినెస్ కుర్చీ ఏడంగుళాలు వెనుకకు వాలుతుంది. కాళ్ళు ఆనించుకొనుటకు పీట, తల ఆనించుకొనుటకు దిండు, ఫోను నిలబెట్టుకొనే బల్ల వున్నవి. దూరదేశాల విమానాలలోవలె మంచంగా మారదు. గంటా రెండు గంటల ప్రయాణానికి అదంత అవసరమూ కాదు.

ఇటువంటి పనికి నెలలు, సంవత్సరాలు ఎందుకు పడుతుందని అడగవచ్చును. విమానపు కుర్చీ మన బైఠకులోని కుర్చీవంటిది కాదు. ప్రమాదపు కుదుపులో భూమ్యాకర్షణకు పదహారు రెట్ల బలం ముందుకు తోసినా పట్టాలనుంచి ఊడరాదు, మంట త్వరగా అంటుకొనరాదు. ఈ పరీక్షలన్నీ గడచినగాని అనుమతి లేదు. ప్రపంచమంతటా విమానసంస్థలు ఒక్కసారిగా కొత్త కుర్చీలు కోరగా, తయారుచేసే కార్ఖానాలు కొద్దిగనే వున్నవి.

పోటీ సంస్థ సంగతికూడా చెప్పాలి. 2006లో మొదలైన ఇండిగో అందరికీ ఒకే తరగతి అన్న పద్ధతిమీద పెరిగింది. ఆ సంస్థ కూడా 2024 నవంబరులో ఢిల్లీ–ముంబయి మార్గంలో ఏ-321 నియో విమానం ముందుభాగాన 12 పెద్ద కుర్చీలు వేసింది, వాటి వెనుక 208 సాధారణ కుర్చీలు. అంటే ముందు వరుసకు డబ్బిచ్చేవారు దేశంలో పెరిగారన్నమాట. మన పిల్లలలోనూ అటువంటివారున్నారు. అది సంతోషించవలసిన విషయమే.

అయితే మనవారిలో ఒక సామెత వున్నది: వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఒకటే. విమానంలో వడ్డించేవాడు మనవాడు కాడు, మన డబ్బుకు తగినట్లు వడ్డించేవాడు. కాబట్టి కడపంక్తి సంగతి మనమే విచారించుకోవాలి. పైన చెప్పిన లెక్కలో ఒక అంకె మరచిపోవద్దు. సాధారణ తరగతి 150 నుంచి 132కు దిగినది. అనగా ఒక్కొక్క విమానంలో 18 చవక కుర్చీలు తగ్గినవి. నడిమి తరగతి ధర కొంచెమే ఎక్కువగా వుంటే ఇది మధ్యతరగతికి మేలు. చాలా ఎక్కువైతే, మేస్త్రీ పనికీ మగ్గం పనికీ వచ్చిన కుటుంబాలవారికి ఆ మేరకు తలుపు మూసినట్లే.

తంతి అందుకొని రెండు రాత్రులు రైలులో కూర్చుండి, చితి ఆరిన తరువాత ఊరు చేరిన కొడుకులు మన సంఘంలో వున్నారు. ఈనాడు ఉదయం కబురు వస్తే సాయంకాలానికి తల్లి పాదాలవద్ద వుండగలుగుతున్నారు. ఆ దినాన అతనికి నలభై అంగుళాల చోటు అక్కరలేదు. ఏదో ఒక కుర్చీ, చేతికందే ధర, వేళకు లేచే విమానం వుంటే చాలును. విమానాన్ని ఆధునికం చేశామని చెప్పుకొనే సంస్థ ఏదైనా సరే, ఈ మూడింటినిబట్టే దానిని తూచవలెనని మా మనవి.

చివరగా రెండు మాటలు. పెద్దలను ఒంటరిగా పంపేటప్పుడు కొంత లెక్క చూడండి. మోకాళ్ళ నొప్పులున్న తల్లికి ఆ మూడు నాలుగు అంగుళాలు నిజమైన సుఖం. స్తోమతు వున్న కొడుకు అక్కడ వెనుదీయవద్దు. స్తోమతు లేకపోతే నడవ ప్రక్క కుర్చీ అడిగి పుచ్చుకోండి. చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు తీసుకొన్నప్పుడే చెప్పండి. చిన్న విమానాశ్రయాలలో మెట్లు ఎక్కి దిగవలసి రావచ్చును గనుక అది ముందే తెలియజేయటం మంచిది. పండుగలకూ పెళ్ళిళ్ళకూ వెళ్ళేవారు తేదీ తెలిసిన వెంటనే టిక్కెట్టు తీసుకుంటే సాధారణంగా చవక కుర్చీ దొరుకుతుంది. హఠాత్తుగా బయలుదేరవలసినవారికి మన సంఘం సభ్యులు చేయి అందిస్తూనే వున్నారు. ఆ వాడుక ఈ సంవత్సరంకూడా మానవద్దు.

ముందు వరుసవారైనా కడపటి వరుసవారైనా ఒకే విమానం ఎక్కి, ఒకే వేళకు మన నేలమీద దిగుతారు. ఈ కొత్త సంవత్సరంలో మీరందరూ సుఖంగా వెళ్ళి, క్షేమంగా వచ్చి, వచ్చే ఉగాదికి మళ్ళీ ఇక్కడ కలుసుకోవాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.