రద్దయిన అనుమతి, అప్పగించవలసిన ఆయుధం
(సూరత్ నగరంలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



తుపాకీ లైసెన్సు రద్దయినప్పుడు స్థానిక పోలీసుల కర్తవ్యం ఏమిటి అన్నది ఈనాటి నా ప్రసంగ విషయం. మరమగ్గం మీద బ్రతికే మనకు తుపాకీతో ఏమి పని అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే. తెలంగాణ జిల్లాల నుండి వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడిన మన నేతకార్మికులలో తుపాకీ గలవారు వెదకినా దొరకరేమో. అయినా తుపాకీ లేనివాని నిశ్చింత, తుపాకీ గలవాడు చట్టానికి ఎంతవరకు లోబడి ఉన్నాడన్న దానిమీదనే ఆధారపడి ఉంటుంది. కనుక ఈ విషయం మనందరిదీ.

సూరత్ ఎటువంటి నగరమో మీకు చెప్పనక్కరలేదు. ఇక్కడి నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. ఈ ఒక్క విషయం చాలు, ఎన్ని ప్రాంతాలవారు ఇక్కడ ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉంటున్నారో తెలియడానికి. ఇది వజ్రాల నగరం, వస్త్రాల నగరం కూడా. మహీధర్‌పురా, వరాఛా బజార్లలో కాగితపు పొట్లాలలో లక్షల విలువ గల రాళ్లు చేతులు మారుతాయి. ఆ రాళ్లనూ, సొమ్మునూ ఒక ఊరి నుండి మరొక ఊరికి నమ్మకంగా చేరవేసే ఆంగడియాలు తరతరాలుగా ఈ ప్రాంతంలో ఉన్నారు. ఇటువంటి చోట ఆత్మరక్షణ కోసం ఆయుధం కోరేవారు ఉండడం సహజమే. అంగళ్ల ముందు, బ్యాంకుల ముందు తుపాకీ పట్టి నిలబడే కాపలాదారులలో చాలామంది ఇతర రాష్ట్రాలవారు. వారి లైసెన్సు సొంత జిల్లాలో పుట్టినది, తుపాకీ మాత్రం ఇక్కడ ఉంటుంది.

ఈ చట్టానికి గల పూర్వచరిత్రను కొంత జ్ఞాపకం చేసుకొనవలసి ఉన్నది. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడు లైసెన్సు లేకుండా ఆయుధం ధరించరాదన్నది. యూరోపియనుకు మాత్రం మినహాయింపు నిచ్చింది. ఒకే నేల మీద రెండు న్యాయాలు! అహింసావ్రతుడైన గాంధీజీకి కూడా ఈ వివక్ష మింగుడు పడలేదు. 1930 జనవరిలో ఆయన ప్రభుత్వం ముందుంచిన పదకొండు కోర్కెలలో ఉప్పు పన్ను రద్దుతో పాటు, ఆత్మరక్షణకై తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది కూడా ఒకటి. అయితే ఆ లైసెన్సులు ప్రజల అదుపునకు లోబడి ఉండాలని ఆయన షరతు పెట్టారు. కొద్ది వారాలకే ఆయన ఉప్పు సత్యాగ్రహానికి బయలుదేరి, అప్పుడు సూరత్ జిల్లాలోనిదీ నేడు నవ్‌సారీ జిల్లాలోనిదీ అయిన దండి తీరానికి చేరారు. ఉప్పు మాట లోకమంతా ఎరుగును. తుపాకీ మాట మరుగున పడిపోయింది. ఆయుధం ఉంటే ఉండనీ, దానిపై సమాజపు అదుపు తప్పరాదు అన్న ఆ భావమే నా ప్రసంగానికి ఆధారం.

స్వతంత్ర భారతంలో 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దాని దృష్టిలో జాతి భేదం లేదు. లైసెన్సు కోరినవారిని గూర్చి సమీప పోలీసు స్టేషను అధికారి నుండి నివేదిక తెప్పించుకొని, విచారణ జరిపి, అధికారి నిర్ణయం చేయాలి. జిల్లాలలో ఆ అధికారి జిల్లా మేజిస్ట్రేటు. సూరత్ వంటి కమిషనరేటు నగరాలలో పోలీసు కమిషనరు. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుండి ఐదేళ్లకు పెరిగింది.

ఇక రద్దు సంగతి. హిందీ నుండి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి కనుక మాటల దగ్గర కాస్త ఆగుతాను. చట్టం హిందీ పాఠంలో 17వ సెక్షను శీర్షికలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి: ‘నిలంబన్’, ‘ప్రతిసంహరణ్’. మొదటిది తాత్కాలికంగా నిలిపివేయడం. రెండవది ఇచ్చినదానిని వెనుకకు తీసుకొనడం. వాడుకలో మనం రెండింటినీ ‘లైసెన్సు పోయింది’ అనే అంటాం. కాని తేడా చాలా ఉన్నది. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలు గడువు తీరగానే తిరిగి వారి చేతికి వచ్చాయి. అది నిలుపుదల వంటిది. భారతయుద్ధం ముగిసిన పిమ్మట ప్రయోగించిన అస్త్రాన్ని అర్జునుడు ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామ ఉపసంహరించలేకపోయాడు. ఇచ్చిన అధికారాన్ని వెనుకకు తీసుకొనగల శక్తి లేని ప్రభుత్వం అశ్వత్థామ వంటిదే. దానికి ఆయుధం ఇచ్చే అర్హత కూడా ఉండదు.

ఏ కారణాలపై రద్దు చేయవచ్చునో అదే సెక్షను చెబుతున్నది. లైసెన్సుదారు చట్టరీత్యా అనర్హుడైనా, మతిస్థిమితం లేనివాడైనా, ప్రజాశాంతికీ భద్రతకూ అది అవసరమైనా, తప్పుడు సమాచారమిచ్చి లేక నిజం దాచి లైసెన్సు పొందినా, షరతులను ఉల్లంఘించినా రద్దు చేయవచ్చు. కారణాలు వ్రాతపూర్వకంగా నమోదు కావాలి. ప్రజాహితానికి భంగకరమైన సందర్భంలో తప్ప, కోరిన లైసెన్సుదారుకు వాటి సంగ్రహం తెలియజేయాలి. పై అధికారికి అప్పీలు చేసుకొనే హక్కు ఉన్నది. ఒకరిపై క్రిమినల్ కేసు నడుస్తున్నంత మాత్రాన లైసెన్సు రద్దు చేయరాదని అలహాబాదు హైకోర్టు పలు తీర్పులలో స్పష్టం చేసింది. కమిషనరేటు నగరంలో నివేదిక ఇచ్చేదీ, నిర్ణయించేదీ ఒకే శాఖ. అందుచేత అక్కడ ఈ జాగ్రత్తలకు విలువ మరింత ఎక్కువ.

ఉత్తర్వు మీద సంతకం పడింది. ఇంతటితో పని పూర్తయినదా? కాలేదు. రద్దయినది కాగితం, తుపాకీ ఇంకా ఇంటి బీరువాలోనే ఉన్నది. చట్టప్రకారం లైసెన్సుదారు ఆలస్యం లేకుండా లైసెన్సును అధికారికి అప్పగించాలి. ఆయుధాన్నీ, తూటాలనూ 21వ సెక్షను ప్రకారం సమీప పోలీసు స్టేషనులో గాని, నిబంధనలకు లోబడి లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని దాఖలు చేయాలి. చేయకపోతే అది శిక్షార్హమైన నేరం. ఇక్కడనే స్థానిక ఠాణా బాధ్యత మొదలవుతుంది. ఉత్తర్వు అందినదో లేదో చూడాలి. అందినవాడు ఆయుధంతో రాకపోతే కబురు పంపాలి, అవసరమైతే చట్టప్రకారం వెళ్లి స్వాధీనం చేసుకొనాలి. వచ్చిన ఆయుధాన్ని రిజిస్టరులో ఎక్కించి, దానికి వివరాల చీటీ కట్టి, రసీదు ఇచ్చి, మాల్‌ఖానాలో భద్రపరచాలి.

మాల్‌ఖానా అంటే దాఖలైన వస్తువులను ఉంచే గది. అక్కడి రిజిస్టరు ఎవరి కంటికీ ఆననిది. కాని దానిలో సరిగా వ్రాసిన ఒక్క పంక్తి ఒక కుటుంబపు ఆస్తినీ, ఒక వీధి ప్రశాంతతనూ కాపాడుతుంది. ఎందుకంటే తుపాకీ రద్దుతో వెంటనే ప్రభుత్వపరం కాదు. నిర్ణీత గడువులోగా, మళ్లీ హక్కు కలిగితే యజమాని దానిని తిరిగి పొందవచ్చు. అర్హుడైన మరొకరికి అమ్ముకొనవచ్చు. అతడు మరణిస్తే వారసులకు ఆ హక్కు వస్తుంది. గడువు దాటితేనే, నోటీసు ఇచ్చి, సమాధానం విన్న మీదట జప్తు ఉత్తర్వు. లైసెన్సు నిలుపుదలలో ఉన్నంత కాలం జప్తే లేదు. తన వస్తువు భద్రంగా ఉంటుందన్న నమ్మకం ఉన్నవాడే తనంత తాను తెచ్చి అప్పగిస్తాడు. రసీదు ఇవ్వని ఠాణా, తుప్పు పట్టించి తిరిగి ఇచ్చే ఠాణా, తదుపరివాడు ఆయుధాన్ని దాచుకొనేలా చేస్తుంది.

ఈ గొలుసులో ఒక్క లంకె తెగితే ఏమవుతుందో ఇతర దేశాల అనుభవం చెబుతున్నది. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో తుపాకీ ఉంచుకొనడానికి ప్రత్యేకమైన గుర్తింపు కార్డు ఉండాలి. అరోరా నగరంలో ఒక వ్యక్తికి పూర్వం మరొక రాష్ట్రంలో నేరశిక్ష పడిన సంగతి 2014లో బయటపడగా కార్డు రద్దయింది. తుపాకీని వదులుకొనవలసినదిగా లేఖ వెళ్లింది. తుపాకీ మాత్రం అతని వద్దనే ఉండిపోయింది. 2019 ఫిబ్రవరి 15న, ఉద్యోగం పోయిన రోజున, అదే తుపాకీతో అతడు ఐదుగురు సహోద్యోగులను చంపాడు. ఇంగ్లండులోని ప్లిమత్ కథ వేరు. అక్కడ ఒక యువకుని నుండి పోలీసులు 2020లో తుపాకీని తీసుకున్నారు. 2021 జులైలో తిరిగి ఇచ్చారు. మరుసటి నెలలోనే అతడు ఐదుగురిని బలిగొన్నాడు. ఒకచోట తీసుకొనలేదు, మరొకచోట తీసుకొన్నదానిని తగినంత విచారణ లేకుండా తిరిగి ఇచ్చారు. రెండు చోట్లా లోపం జరిగినది చట్టాన్ని అమలు చేసే చేతిలో.

మన దేశంలో దీనికి మరొక చిక్కు తోడవుతున్నది. మనది అనేక రాష్ట్రాల సమాహారం. మనుషులు ఒకచోట పుట్టి మరొకచోట బ్రతుకుతారు. 2025లో గుజరాత్ ఉగ్రవాద నిరోధక దళం, తప్పుడు పత్రాలతో నాగాలాండ్, మణిపుర్‌ల నుండి లైసెన్సులు పొందారన్న ఆరోపణపై ఈ రాష్ట్రంలో పలువురిని అరెస్టు చేసింది. లైసెన్సు ఒక కొసన, తుపాకీ మరొక కొసన ఉన్నప్పుడు, అక్కడ రద్దయిన సంగతి ఇక్కడి ఠాణాకు తెలిసేదెట్లా? ప్రతి లైసెన్సుకూ విశిష్ట సంఖ్య కేటాయించి, జాతీయస్థాయి పట్టికలో చేర్చే ఏర్పాటు ఇందుకొరకే జరిగింది. అయినా యంత్రం పేరును చూపగలదు, ఇంటి తలుపు తట్టలేదు. ఆ పని ఆ వీధిని ఎరిగిన పోలీసుదే.

మిత్రులారా, జాతీయ సమైక్యత అంటే పండుగనాడు వేదిక మీద చేతులు కలపడం ఒక్కటే కాదని నా మనవి. ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన కాపలాదారు, ఇక్కడే పుట్టిన వజ్రాల వర్తకుడు, ఏ మతానికి చెందినవాడైనా సరే, లైసెన్సు రద్దయిన మరుక్షణం ఒకే ఠాణాలో, ఒకే రిజిస్టరులో, ఒకే విధమైన రసీదు పొందాలి. ధనవంతుని తుపాకీకి గడువు, పేదవాని తుపాకీకి దాడి అయితే, 1878 నాటి రెండు న్యాయాలు మరొక వేషంలో తిరిగి వచ్చినట్లే. ఎవరి ఆయుధాన్ని తీసుకొన్నారు, ఎవరిది వదిలివేశారు అన్న అనుమానం ఒక పేటలో ప్రవేశిస్తే, తుపాకీ పేలకుండానే ఇరుగుపొరుగుల మధ్య గోడ లేస్తుంది.

ఇందులో పౌరుల వంతు కూడా ఉన్నది. ఇంటి పెద్ద గతించిన తర్వాత ఆయన తుపాకీ అటక మీదనే ఉండిపోతే వారసులు దానిని వెంటనే ఠాణాకు చేర్చాలి. రసీదు అడిగి తీసుకొనాలి. అడగడం అమర్యాద కాదు, హక్కు. హిందీ, గుజరాతీ చదువరాని తెలుగువానికి నోటీసు వస్తే దానిలో ఉన్నది నిలుపుదలా, రద్దా అని చదివి చెప్పడం చదువుకొన్న యువకుల బాధ్యత. ఒక్క మాట తప్పుగా చెబితే అప్పీలు గడువు దాటిపోవచ్చు.

ఇచ్చిన ఆయుధాన్ని న్యాయంగా, నిబ్బరంగా వెనుకకు తీసుకొనగలిగిన నాడే రాజ్యం మీద ప్రజకు విశ్వాసం నిలుస్తుంది. ఆ విశ్వాసాన్ని కాపాడవలసిన మొదటి మెట్టు మన వీధి చివర ఉన్న ఠాణా. దానిని భయంతో తప్పించుకొని తిరగక, మనదిగా భావించి, దాని పనిని అడిగి తెలుసుకొనే అలవాటు విద్యార్థులు అలవరచుకొనాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.