సైకిలు వాళ్ళు కూడా సభకు రావాలి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు చదువు గురించి చెబుతానని కార్యదర్శిగారు అనుకొని ఉంటారు. ఉర్దూ మీడియం బడిలో పంతులుని, నా నోట ఇంకేం వస్తుంది? కానీ ఈ రోజు సైకిలు సంగతి చెప్పదలచుకున్నాను. నా తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది కొంత, విజయవాడ బజారులో నేర్చుకున్నది ఎక్కువ. తప్పులుంటే సర్దుకోండి.

లోపలికి వస్తూ గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. గోడ పొడుగునా 41 సైకిళ్ళు ఉన్నాయి. ఆటోనగర్‌లో లేతు మిషను మీద, టింకరింగు షెడ్డుల్లో పనిచేసే భాయీలవి, బిస్కెట్లు, బ్రెడ్డు వేసేవాళ్ళవి, నా శిష్యులవి, ఒకటి నాది. ఈ 41 మందిలో రోడ్ల గురించి సర్కారువారు పెట్టిన సభకు ఎప్పుడైనా వెళ్ళినవారు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. అందుకే అడగటం లేదు.

రెండేళ్ళ కిందట మన పేట పక్కనుంచి పోయే రోడ్డు వెడల్పు చేస్తామనీ, ప్రజల అభిప్రాయం తెలుసుకుంటామనీ ఒక సభ పెట్టారు. నేను వెళ్ళాను. గోడకు పటం తగిలించారు. మధ్యన డివైడరు, అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు, షాపుల ముందు కార్లు నిలుపుకొనే చోటు, పూలకుండీలు. అన్నీ రంగులతో వేశారు. ఎవరో ఒక ముసలాయన లేచి, "మరి సైకిళ్ళు ఎటు పోవాలి?" అన్నాడు. పటం చూపిస్తున్న ఇంజనీరు నవ్వి, "ఈ రోజుల్లో సైకిలు ఎవరు తొక్కుతున్నారండీ?" అన్నారు. హాలంతా నవ్వింది. సరిగ్గా అప్పుడే ఒక కుర్రవాడు వరసగా అందరికీ టీ ఇస్తున్నాడు. వాడి సైకిలు బయట మెట్ల దగ్గర ఉంది. దాని పక్కనే నాది.

నేను నోరు విప్పలేదు. ఉద్యోగస్థుడిని కదా, నలుగురిలో మాట పడటం ఎందుకు అనుకున్నాను. ఆ ఇంజనీరుగారి మీద నాకు కోపం కూడా లేదు. ఆయన హాలులో చూసినవాళ్ళు షాపుల వాళ్ళు, డాక్టర్లు, అపార్టుమెంటు సంఘాల వాళ్ళు. కంటికి కనబడినదే ఆయన చెప్పారు. కనబడకుండా పోయింది మనం.

రోడ్డు పూర్తయింది. బాగానే ఉంది, నున్నగా ఉంది. పక్క మురుగు కాలువ మీద వాననీరు దిగటానికి ఇనుప జాలీలు వేశారు. వాటి ఊచలు రోడ్డుకు అడ్డంగా కాక, రోడ్డు వెంబడి పొడుగ్గా ఉన్నాయి. కారు టైరు వెడల్పు కాబట్టి దానికి తేడా తెలియదు. మోటారు సైకిలు కూడా ఎలాగో దాటిపోతుంది. సైకిలు చక్రం సన్నం. ఆ సందులో ఇరుక్కుంటే ముందు చక్రం అక్కడే ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. నా తొమ్మిదో తరగతి పిల్లవాడు అలాగే పడ్డాడు. వెనక బస్సు హారను కొడుతుంటే దారి ఇద్దామని అంచుకు జరిగాడు, అంతే. ముందు పళ్ళు రెండు పోయాయి. కుడి మణికట్టు విరిగింది. ఆ ఏడు సంవత్సర పరీక్షలు రాయలేకపోయాడు.

వాళ్ళ అబ్బా ఆటోనగర్‌లో పనిచేస్తాడు. బడికి వచ్చి సెలవు కాగితం ఇచ్చి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మాస్టర్ సాబ్, ఆ రోడ్డు మీటింగులో మీరు కూడా ఉన్నారంట కదా?" అన్నాడు. ఇంకేం అనలేదు. నన్ను నిందిస్తున్నాడో, ఊరికే అడిగాడో నాకిప్పటికీ తెలియదు. ఉన్నాను అని మాత్రం చెప్పాను.

ఆ జాలీ ఎలా వెయ్యాలో తెలిసినవాడు ఆ హాలులో ఒక్కడుంటే చాలు. ఇంజనీరింగు చదవక్కర లేదు. "అయ్యా, ఊచలు అడ్డంగా పెట్టించండి" అనే ఒక్క ముక్క. ఖర్చు కూడా పెరగదు. ఏ మలుపులో లారీ మన మీదికి వస్తుందో, ఏ వంతెన ఎక్కేటప్పుడు దిగి నడిపించాల్సి వస్తుందో, బెంజి సర్కిల్ దగ్గర పైవంతెన కింద సాయంత్రం ఆరు తర్వాత రోడ్డు దాటటానికి ఎంతసేపు నిలబడాలో, ఇవి కారులో కూర్చున్నవాళ్ళకు ఎవరు చెబుతారు? వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకు తెలియదు, మనం చెప్పలేదు.

"సైకిలు ఎవరు తొక్కుతున్నారు" అన్న మాటకు జవాబు సర్కారు లెక్కల్లోనే ఉంది. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్ళు పనికి ఎలా వెళ్తారని అడిగారు. నూటికి సుమారు 13 మంది సైకిలు మీద అన్నారు. మోటారు సైకిలు మీద అన్నవాళ్ళూ ఆ రోజున దాదాపు అంతే. ఆ తర్వాత మోటారు బళ్ళు బాగా పెరిగాయి, కాదనను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వారిలో సైకిలు వాళ్ళు నాలుగు వేలకు పైగా ఉన్నారు. ఎవరూ తొక్కకపోతే ఈ చనిపోయినవాళ్ళు ఎవరు?

రూలు లేదా అంటే, ఉంది. సైకిలు దారి ఎలా వెయ్యాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు 1962లోనే పుస్తకం వేశారు. 2015లో దాన్ని సవరించి మళ్ళీ వేశారు. పుస్తకం బీరువాలో ఉంటుంది. బయటికి తీయమని అడిగేవాడు కావాలి.

హాలెండు దేశం సంగతి మీలో కొందరు విని ఉంటారు, అక్కడ మంత్రులు కూడా సైకిళ్ళ మీద పోతారని. అది వాళ్ళకు ఊరికే రాలేదు. పూర్వం అక్కడ సైకిళ్ళు బాగా ఉండేవి. 1950, 60లలో కార్లు పెరిగి, రోడ్లన్నీ కార్లకు ఇచ్చేశారు. 1971 ఒక్క ఏడాదిలో ఆ చిన్న దేశంలో సుమారు 3,300 మంది రోడ్ల మీద చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలే. అప్పుడు తల్లిదండ్రులు లేచారు. "పిల్లల హత్యలు ఆపండి" అని తమ ఉద్యమానికి పేరే పెట్టుకున్నారు. 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ద పైప్ అనే పాత పేటలో, ఇరుకు వీధుల్లో ఉండే బడి పిల్లలు తమ వీధిలోకి కార్లు రాకుండా చెయ్యాలని సంతకాలు సేకరించారు. పంతులుని గనక నాకు ఈ భాగం ఎక్కువ ఇష్టం. 1975లో సైకిలు తొక్కేవాళ్ళు సొంతంగా సంఘం పెట్టుకున్నారు. ఎక్కడెక్కడ ప్రమాదమో వాళ్ళే గుర్తించి అధికారుల ముందు పెట్టేవారు. ఇప్పుడు మనం ఫోటోల్లో చూసే ఎర్ర సైకిలు దార్లు ఆ తర్వాత వచ్చినవే.

అంత దూరం ఎందుకు, హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. పైన సౌర పలకల కప్పు, రాత్రికి దీపాలు. మంచి పనే. కానీ అది పొద్దున్నే ఆరోగ్యం కోసం తొక్కేవాళ్ళకు ఉపయోగపడేది. టిఫిను డబ్బా తగిలించుకొని పనికి పోయేవాడి దారి అటు కాదు. అడిగినవాళ్ళకు దొరికింది, అడగనివాళ్ళకు దొరకలేదు. 2020లో కేంద్రం సైకిళ్ళ మీద నగరాలకు పోటీ పెడితే, 2021లో ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ ఒకటి. ఆ పోటీలో హ్యాండిల్‌బార్ సర్వే అని ఉంది. అంటే సైకిలెక్కి పోయి చూసి రాయటం. మనం రోజూ చేస్తున్నది అదే, రాయటం ఒక్కటే తక్కువ.

"మాస్టర్ సాబ్, మీటింగు పొద్దున పదకొండింటికి పెడతారు, నేను పోతే ఆ రోజు మజ్దూరీ ఎవడిస్తాడు?" అని అడుగుతారు. న్యాయమైన మాట. సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటున్నారు, అదీ పనివేళలోనే. దీనికి నా దగ్గర గొప్ప ఉపాయం లేదు. ఒకటి మాత్రం కార్యవర్గం ముందు పెడుతున్నాను. పేట పేటకు ఒకరు చొప్పున వంతు వేసుకుందాం. ఆ పూట కూలి సంఘం నిధి నుంచి ఇవ్వాలి. మన డబ్బు స్కాలర్‌షిప్పులకే చాలటం లేదని కోశాధికారిగారు అంటారు. నిజమే. కానీ ఆ స్కాలర్‌షిప్పు పిల్లవాడు బడికి ప్రాణంతో చేరాలి కదా జనాబ్. ఇంకొక అర్జీ ఏమిటంటే, రోడ్ల సభలు ఆదివారమో, రాత్రి ఎనిమిదింటికో పెట్టమని అడగాలి.

ఆడవాళ్ళు కూడా రావాలి. 2017లో "బడికొస్తా" పథకం కింద సర్కారు బడుల ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. మెయిన్ రోడ్డు దాటాలని భయపడి తల్లులు వాటిని మూలన పెట్టించిన ఇళ్ళు మన పేటలోనే నాకు తెలుసు. ఆ భయం ఆ సభలో ఆ తల్లి నోటితోనే వినపడాలి, నేను చెబితే పాఠంలాగా ఉంటుంది.

వెళ్ళేవాళ్ళు ఉట్టి చేతులతో వెళ్ళకండి. ఫలానా స్థంభం దగ్గర, ఫలానా షాపు ఎదుట, ఇంత గుంట అని కాగితం మీద ఉండాలి. ఫోటో ఉంటే మరీ మంచిది. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు అడిగి తీసుకోండి. రోడ్డు పటం చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, నకలు ఇస్తారు. అక్కడ అరవకండి. అరిస్తే మనం అడిగింది పోయి, అరిచిన మాటే మిగులుతుంది.

ఆ జాలీల సంగతి చెప్పి కూర్చుంటాను. పిల్లవాడు పడ్డాక మేము ఏడుగురం, వాళ్ళ అబ్బా, పంక్చరు షాపు ఉస్తాద్, టీ ఇచ్చిన ఆ కుర్రవాడు కూడా, నాలుగు సోమవారాలు తిరిగాం. మొదటి రెండుసార్లు ఇది మా విభాగం కాదన్నారు. నాలుగోసారి ఒక చిన్న అధికారి మాతో నడిచి వచ్చి, తన చెప్పు అంచు ఆ సందులో పెట్టి చూసి, ఏమీ అనకుండా రాసుకున్నాడు. మొత్తం ఆరు జాలీల్లో రెండు తిప్పి వేశారు. నాలుగు ఇంకా అలాగే ఉన్నాయి. పెట్రోలు బంకు దాటాక ఎడమ పక్కవి. రాత్రిపూట పోయేవాళ్ళు జాగ్రత్తగా పోండి.

బయట మెట్ల దగ్గర ఒక రిజిస్టరు పెట్టాను. పేరు, పేట, ఏ రోజు ఖాళీయో రాయండి. రాయటం రానివాళ్ళు చెప్తే చాలు, నా పదో తరగతి పిల్లలు ఇద్దరు కూర్చున్నారు, తెలుగులో అయినా ఉర్దూలో అయినా రాస్తారు. వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఉస్తాద్ షాపు ముందు కలుద్దాం. సైకిళ్ళ మీదే రండి.